డబ్బాకు నీళ్ళు యాడివి

ఆయమ్మ పోయిన సంగతి నాకు మందుల షాపులో తెలిసింది. బళ్ళారి కంటోన్మెంట్‌లో మా సందు చివర ఉన్న షాపు అది. బీపీ మాత్రల కోసం నిలబడి ఉన్నాను. ఎదురుగా అద్దాల అరలో పసిపిల్లల పాలపొడి డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. కొత్త రకం ఒకటి వచ్చినట్టుంది. దాని మీద ఆకుపచ్చ రంగులో ఒక ఆకు బొమ్మ, ఆ ఆకు కింద ఈ డబ్బా కొంటే భూమికి మేలు చేసినట్టే అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు. అప్పుడే ఫోన్ మోగింది. సండూరు తాలూకాలో నేను పద్నాలుగేళ్ళు నర్సుగా పనిచేసిన ఊరి అంగన్‌వాడి టీచరు. ఏదో పాత రిజిస్టరు గురించి అడిగింది, చెప్పాను. ఇక పెట్టేస్తుందనగా అన్నది.

"అక్కా, ఆయమ్మ పాయె. తొమ్మిది దినాలాయె."

మనిషి పోయిందంటే ముందు ఏడుపు రావాలి. నాకు కోపం వచ్చింది. అరలో ఉన్న ఆ ఆకు బొమ్మ మీద వచ్చింది. తొమ్మిది రోజులు నాకెవరూ చెప్పనందుకు వచ్చింది. చెప్పకపోవడంలో వాళ్ళ తప్పేమీ లేదని నాకు తెలుసు కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది. మాత్రలు తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాను.

ఆమె పేరు రాయను. మా వైపు ఆడమనిషి గురించి మర్యాదగా చెప్పాలంటే ఆయమ్మ అంటాం, ఆ అమ్మ అని. ఆస్పత్రిలో ఆమె ఉద్యోగం కూడా ఆయానే. రెండూ కలిసిపోయి, హాజరు పుస్తకంలో తప్ప ఆమె పేరు ఎక్కడా వినిపించేది కాదు. పర్మినెంటు కాదు, ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. ఊడ్చడం, తుడవడం, కాన్పు గదిలో సాయం, టీకాలకు వెళ్ళినప్పుడు పెట్టె మోయడం ఆమె పని. మిగతా పనులన్నీ ఆమె తనంతట తాను పెట్టుకున్నవి.

సన్నటి మనిషి. చీర మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా వేసుకునేది. గనుల్లో పనిచేసే ఆడవాళ్ళు ఎండకూ ధూళికీ అట్లా వేసుకుంటారు. గని పని మానేసినా ఆమె ఆ చొక్కా మానలేదు. తెల్లచొక్కాలే వేసేది, కానీ ఒక్కటీ తెల్లగా ఉండేది కాదు. ఇనుపరాతి ఎరుపు ఎన్ని నీళ్ళలో ఉతికినా పోదు, పైగా మా ఊళ్ళో ఆ నీళ్ళే ఎర్రగా ఉండేవి. కోపం వస్తే గొంతు పెంచే మనుషుల్ని చాలామందిని చూశాను. ఆమె గొంతు తగ్గేది. మాట్లాడుతూ చొక్కా చేతులు ఒక్కొక్క మడత పైకి మడిచేది. మోచేతి దాకా వచ్చిందంటే ఎదుటివాళ్ళకు గడ్డుకాలమే.

బిడ్డను చూస్తే అందరూ బుగ్గ గిల్లుతారు. ఆమె వంగి నోరు వాసన చూసేది. తల్లిపాలు తాగిన బిడ్డ నోటి వాసన వేరు, డబ్బాపాలు తాగిన బిడ్డ నోటి వాసన వేరు అనేది. నేను ఎన్నిసార్లు ప్రయత్నించినా నాకు తేడా తెలియలేదు. ఆమె ఒక్కసారి కూడా తప్పలేదు. డబ్బా అని తేలితే ఆమె అడిగే ప్రశ్న ఒకటే. డబ్బాకు నీళ్ళు యాడివి? తల్లిని అడిగేది కాదు. పక్కన ఉన్న మొగుణ్ణి, అత్తను, చీటీ రాసిన డాక్టరును, డబ్బాలు అమ్ముకునే వాణ్ణి అడిగేది. వాళ్ళు దీన్ని ఏదో చాదస్తం కింద తీసుకుని నవ్వేవాళ్ళు. జవాబు చెప్పేదాకా ఆమె అక్కణ్ణించి కదిలేది కాదు.

నన్ను కూడా అడిగింది.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఎండాకాలం. నా బల్ల మీద ఒక పాలపొడి కంపెనీ మనిషి ఇచ్చిపోయిన డబ్బాలు రెండు ఉండేవి. ఇవ్వకూడదని చట్టం ఉంది. ఇచ్చాడు, నేను తీసుకున్నాను. ఒకరోజు ఒక చిన్నపిల్ల లాంటి తల్లి వచ్చి పాలు చాలడంలేదక్కా, బిడ్డ ఊరికే ఏడుస్తున్నాడు అంది. చీటీ మీద డబ్బా పేరు రాసి, బల్ల మీది డబ్బాల్లో ఒకటి ఇచ్చి పంపాను. అర నిమిషం పని. మూలలో నేల తుడుస్తున్న ఆయమ్మ గుడ్డ పక్కన పెట్టింది. మధ్యాహ్నం రోగులు తగ్గాక వచ్చి, ఒక రవ్వసేపు నాతో రాండి సిస్టరమ్మా అంది. ఎందుకో చెప్పలేదు.

ఆ పిల్ల ఇంటికే తీసుకెళ్ళింది. గని కూలీలు వేసుకున్న రేకుల ఇళ్ళు. గుమ్మం పక్కన నీళ్ళ డ్రమ్ము ఉంది. ట్యాంకరు వస్తే అందులోకి పట్టుకుంటారు, రానప్పుడు వంకలో తోడుకుంటారు. ఆ వారం ట్యాంకరు రాలేదు. ఖనిజాన్ని కడిగిన నీళ్ళు పైనుంచి ఆ వంకలోకే దిగుతాయి. ఆయమ్మ స్టీలు గ్లాసు తీసుకుని డ్రమ్ములో ముంచింది. నేను ఇచ్చిన డబ్బా మూత తీసి, రెండు చెంచాల పొడి వేసి కలిపింది. పాలు ఇటుక రంగుకు తిరిగాయి. గ్లాసు నా ముందు పట్టుకుంది.

"తాగండి."

నేను కదల్లేదు.

"మీరు తాగలేందాన్ని మూణ్ణెల్ల బిడ్డకు ఎట్ల రాసిస్తిరి?"

నీళ్ళు బాగా కాచి చల్లార్చాలని చెప్పాను కదా అన్నాను. నిజానికి చెప్పలేదు. ఆమె గొంతు ఇంకా తగ్గింది. కాచేదానికి కట్టెలు యాడివని అడిగింది. గుమ్మంలోంచి కొండ కనిపిస్తోంది. మెట్లు మెట్లుగా కోసేసిన కొండ. దాని మీద ఆమె చిన్నప్పుడు కట్టెలు ఏరుకున్నదట, ఇప్పుడు పుల్ల లేదు. గ్యాసు బండ ఉన్నా దాన్ని నింపించే శక్తి ఆ ఇంట్లో లేదు. రోజుకు ఎనిమిది సార్లు నీళ్ళు కాచి, ఎనిమిది సార్లు సీసా కాచి, మళ్ళీ దాని రబ్బరు పీక కాచి ఇవ్వాలి. ఈ పిల్ల పొద్దున్నే గనికి పోయి చీకటి పడేముందు వస్తుంది. ఇవన్నీ ఆమె ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. నా పక్కన ఆ పిల్ల తప్పు తనదే అన్నట్టు తలవంచుకుని నిలబడింది. అప్పుడు ఆయమ్మ ఆమె వైపు తిరిగింది. మాట మారిపోయింది.

"పాలు తక్కువ గాలేదు తల్లీ నీకు. పొద్దు తక్కువయ్యింది."

ఆ మాటను నేను ఏ శిక్షణలోనూ వినలేదు. ఆ పిల్లను కూర్చోబెట్టి, బిడ్డను ఎట్లా పట్టుకోవాలో చూపించింది. పనికి పోయే ముందు పాలు పిండి, మూత ఉన్న గిన్నెలో తడిగుడ్డ చుట్టి ఉంచమంది. పగటిపూట తాను వచ్చి ఉగ్గుగిన్నెతో తాగిస్తానంది. నెలన్నర పాటు మధ్యాహ్నం భోజనం వేళ అక్కడికి నడిచి వెళ్ళి తాగించింది. తన రొట్టె దారిలో తినేది. ఆ డబ్బాను మాత్రం నాకు తిరిగి తెచ్చి ఇచ్చింది. నా బల్ల మీద పెట్టి పోయింది.

ఆమె డబ్బాను చూసే చూపు వేరే. మనకు డబ్బా అంటే పొడి. ఆమెకు డబ్బా అంటే రేకు, రేకు అంటే మా కొండ. మా ఊరి రాయి లారీ ఎక్కి ఎక్కడికో పోయి, కరిగి, రేకై, లోపల ఎవరి బర్రెల పాలో పొడిగా నింపుకుని, మళ్ళీ లారీ ఎక్కి మా ఊరికే వస్తున్నదని ఆమె లెక్క. పోయింది మాకు తెలీకుండా పోయింది, వచ్చింది మాత్రం మేము కొనుక్కోవాలి అనేది. తాగిన తర్వాత డబ్బాలు, సీసాలు, పీకలు వంకలో పడేవి. ఒకరోజు మేక ఒకటి రబ్బరు పీకను నములుతుంటే దాని దవడలు పట్టుకుని వేలితో లాగి బయటికి తీసింది. మేక ఆమె చేతిని కొరికింది. రక్తం కారుతున్న వేలితో ఆ పీకను తెచ్చి డాక్టరు బల్ల మీద పెట్టింది. ఆ డాక్టరు మంచివాడే. ఇదెందుకు నాకు అన్నాడు. మీరు రాసిచ్చిందే సార్, తిరిగి తీసుకోండి అంది.

ఆమె తన గురించి నాకు చెప్పింది ఒక్కసారే. టీకాల పనికి తారానగర్ వైపు వెళ్ళి, తిరిగి రావడానికి రోడ్డు పక్కన బస్సు కోసం కూర్చున్నాం. ఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. లారీ వచ్చిన ప్రతిసారీ ఆమె టీకాల పెట్టె మీద కొంగు కప్పేది. రోడ్డుకేసి చూస్తూ తనే మొదలుపెట్టింది.

ఆస్పత్రికి రాకముందు ఆమె గనిలో రాయి ఏరేది. మంచి ఖనిజాన్నీ పనికిరాని రాయినీ చేత్తో వేరుచేసే పని. ఆమె గుంపులో ఆ ఏడాది కాన్పయిన ఆడవాళ్ళు నలుగురు. బిడ్డల్ని చూసుకోవడానికి నలుగురి ఇళ్ళల్లోనూ మనుషులు లేరు. నలుగురూ మాట్లాడుకుని ఒక ఏర్పాటు చేసుకున్నారు. రోజుకొకరు టార్పాలిన్ నీడలో కూర్చుని నలుగురు బిడ్డలకూ పాలిస్తారు. ఆ రోజు కూర్చున్నామె వంతు రాయిని మిగిలిన ముగ్గురూ కలిసి ఏరతారు. మూడు నెలలు అట్లా నడిచిందట. ఏ బిడ్డ ఎవరిదో కొత్తవాళ్ళకు తెలిసేది కాదట. ఒక పిల్లకు కొరికే అలవాటు ఉండేది, పాలు తాగుతూ తాగుతూ కొరికి, కళ్ళెత్తి మొహంలోకి చూసి నవ్వేదట. అది చెబుతూ ఆయమ్మ కూడా నవ్వింది. నవ్వితే ఆమె వయసు తగ్గేది.

మేస్త్రి చూశాడు. ఒకతె పని చేయకుండా కూర్చుంటున్నదని పైకి చెప్పాడు. పైవాళ్ళు కూర్చోవద్దన్నారు. ఊరికే అనలేదు, మంచి మనసుతో అన్నారు. షామియానా వేసి, తల్లులందరినీ వరసగా నిలబెట్టి తలా ఒక పాలడబ్బా, ఒక సీసా ఇచ్చి ఫోటోలు తీయించారు. ఇక బిడ్డల్ని ఇంటి దగ్గర ఎవరో ఒకరికి అప్పగించి పనికి రమ్మన్నారు. మధ్యాహ్నానికల్లా రొమ్ములు రాళ్ళయ్యేవి. రవికలు తడిసి, వాటి మీద ధూళి పేరుకుని అట్ట కట్టేది. టిప్పరు చాటుకు పోయి నలుగురూ పాలు మట్టిలోకి పిండుకునేవాళ్ళు. నేల మీద పడిన పాలు ఒక క్షణం తెల్లగా కనిపించి ఎరుపులో కలిసిపోయేవట.

ఆ ఎండాకాలంలో ముగ్గురు బిడ్డలకు విరేచనాలు పట్టుకున్నాయి. ఒక బిడ్డ పోయింది.

మీ బిడ్డా అని అడిగాను.

"నా బిడ్డ గాదు. నా పాలు తాగిన బిడ్డ." లారీ ఒకటి పోతుంటే పెట్టె మీద కొంగు సర్దింది. "ఆ కొరికే పిల్ల."

బస్సు వచ్చింది. ఎక్కాం. తర్వాత ఎప్పుడూ ఆమె ఆ సంగతి ఎత్తలేదు. ఆ పిల్ల పోయిన పై నెలలోనే ఆమె గని పని మానేసిందని వేరేవాళ్ళు చెప్పారు.

ఇదంతా చదివి ఆమె తల్లుల్ని కాల్చుకుతినే మనిషి అనుకోవద్దు. నాకు కొడుకు పుట్టినప్పుడు సెలవు, మా వైపు రజా అంటాం, పొడిగించకుండా నాలుగో నెలలోనే డ్యూటీకి పిలిచారు. వాడికి నేనూ డబ్బాయే పట్టాను. నర్సునై ఉండి, రోజూ తల్లులకు పాఠాలు చెప్పే నోటితో ఆమెకు ఆ మాట ఎట్లా చెప్పాలో తెలీక దాచిపెట్టాను. ఒకరోజు ఆమె మా ఇంటికి వచ్చి బిడ్డను ఎత్తుకుని, అలవాటుగా నోటి దగ్గరికి వంగింది. నేను గోడవైపు తిరిగాను. నా భుజం మీద చెయ్యి వేసి, నీకు రజా ఇయ్యనోడే వీని నోట్లో డబ్బా పోసినాడు, నువ్వు గాదు అంది. ఆమె కోపానికి ఎప్పుడూ దారి తెలుసు. ఎవరి మీద పోవాలో వాళ్ళ మీదికే పోయేది.

ఒకసారి కాన్పులో తల్లి పోయింది. బిడ్డ బతికింది. ఆయమ్మ ఆ బిడ్డను కొంగులో పెట్టుకుని పాలున్న బాలింతల ఇళ్ళు తిరిగింది. ఇద్దరు ఒప్పుకున్నారు. వాళ్ళు మాదిగ గేరి ఆడవాళ్ళు. పోయిన తల్లి అత్త గడపలో అడ్డం నిలబడి, ఆ కులం పాలు మా ఇంటి బిడ్డ తాగేది లేదంది. ఇంట్లో అప్పటికే డబ్బా తెచ్చి పెట్టుకున్నారు. ఆయమ్మ చొక్కా చేతులు మోచేతి దాకా వచ్చాయి.

"ఆ డబ్బాలో ఉండేది ఏ కులపోళ్ళ బర్రె పాలో కనుక్కుంటివా పెద్దమ్మా?"

వీధిలో ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ ముసలామె నవ్వలేదు, ఏడ్చింది. కోడలు పోయి ఒకరోజైనా కాలేదు కదా. ఆయమ్మ ఆమె పక్కన అరుగు మీద కూర్చుని, ఆమె ఏడుపు అయ్యేదాకా లేవలేదు. బిడ్డ ఆ ఇద్దరు తల్లుల పాలే తాగి పెరిగింది. ఇప్పుడు బడికి పోతున్నది.

ఇక నేను రాయాల్సినది ఉంది. ఇంతసేపూ ఆమె గురించి రాస్తున్నట్టు రాసి, అసలు సంగతి దగ్గరికి రాకుండా తిరుగుతున్నాను.

ఆరేళ్ళ కిందట ఇదే కంటోన్మెంట్‌లో ఒక కల్యాణ మంటపంలో పరిసర దినాచరణ, అంటే పర్యావరణ దినం, జరిగింది. ఒక గని కంపెనీ, ఒక పాలపొడి కంపెనీ, ఒక ప్రైవేటు నర్సింగ్ హోం కలిసి చేశాయి. పేర్లు నాకు తెలుసు. రాసినా వాళ్ళకు సిగ్గు రాదు. తల్లి, బిడ్డ, ప్రకృతి అని పెద్ద బ్యానరు. ఆస్పత్రుల నుంచి బాలింతల్ని బస్సుల్లో తీసుకురమ్మని పైనుంచి ఆర్డరు. మా ఊరి నుంచి పదిమంది తల్లుల్ని తీసుకుని నేనూ ఆయమ్మా వెళ్ళాం. చట్టం ఒప్పుకోదు కాబట్టి డబ్బాలు పంచలేదు. డబ్బా రంగులోనే ఉన్న సంచి, అందులో ప్లాస్టిక్ కవరులో ఒక మొక్క ఇచ్చారు. చెట్లు నరికినోళ్ళే మొక్కలు పంచుతాండారు అని ఆయమ్మ నా చెవిలో అంది. నేను ఊరుకోమని ఆమె చెయ్యి నొక్కాను. నన్ను స్టాఫ్‌లో ఉత్తమ సేవకు ఎంపిక చేశారని, వేదిక మీదికి పిలుస్తారని పొద్దున్నే చెప్పారు. అందుకే ముందు వరసలో కూర్చోబెట్టారు.

ఒక పెద్దాయన భూమాత గురించి మాట్లాడుతున్నాడు. మా వెనక వరసలో రెండు నెలల బిడ్డ ఒకడు ఏడ్చాడు. తల్లి కొంగు కప్పి పాలివ్వబోయింది. మెడలో బ్యాడ్జి వేసుకున్న అమ్మాయి ఒకతె పరుగున వచ్చి, ఇక్కడ వద్దు, వీడియో తీస్తున్నారు, బయట జనరేటరు పక్కన గది ఉంది అక్కడికి పోండి అంది. మర్యాదగానే అంది. ఆ తల్లి లేచింది. ఆయమ్మ ఆమె ముంజేయి పట్టుకుంది. బయటికి కాదు, ముందుకు నడిపించింది. వేదిక ముందు అతిథుల కోసం తెల్లగుడ్డ పరిచిన సోఫా ఒకటి ఖాళీగా ఉంది. దాని మీద కూర్చోబెట్టింది. బిడ్డను సర్ది రొమ్ముకు పట్టించి, ఎదురుగా నిలబడింది. చొక్కా చేతులు మడుస్తూ ఉంది.

మాట్లాడుతున్న పెద్దాయన ఆగిపోయాడు. సభలో నవ్వులు లేచాయి. పాలపొడి కంపెనీ అధికారి వేదిక దిగి వచ్చాడు. చదువుకున్నవాడు, మెత్తటి మనిషి. అమ్మా, తల్లిపాలే గొప్పవని మేము కూడా చెబుతాం, పాలు లేని తల్లులకు సాయం చేయడమే మా పని అన్నాడు.

ఆమె మైకు లేకుండానే మాట్లాడింది. గొంతు తగ్గించే మాట్లాడింది. సభ సద్దుమణిగింది కాబట్టి అందరికీ వినపడింది.

"డబ్బాకు నీళ్ళు యాడివప్పా?"

శుద్ధమైన నీళ్ళు బాగా మరిగించి అని అతను మొదలుపెట్టాడు.

"మా వంక నీళ్ళు ఎర్రగ చేసినోడు నీ పక్క కుర్చీలోనే ఉండాడు. శుద్ధమైన నీళ్ళు ఆయప్పని అడుగు." సోఫాలో ఉన్న తల్లి వైపు చెయ్యి చూపింది. "ఈ బిడ్డ తాగేదానికి లారీ వద్దు, కట్టె వద్దు, రేకు వద్దు. తాగినంక పారేసేది ఏమీ లేదు. పరిసరం పరిసరం అని పొద్దున్నించి చెప్తాండారు. ఇది మీ కండ్ల ముందర జరిగితే బయటికి పొమ్మంటిరే."

ఎక్కడో వెనక ఒక ఆడమనిషి చప్పట్లు కొట్టింది, ఒక్కతే, తర్వాత ఆగిపోయింది. మా డాక్టరు నా వైపు చూశాడు. అప్పటి డాక్టరు కొత్తవాడు. ఆమెను బయటికి తీసుకుపో అని కళ్ళతో చెప్పాడు. నేను లేచాను. ఆయమ్మ నన్ను చూసింది. తన పక్కన నిలబడడానికి వస్తున్నాననుకుంది. ఆమె మొహంలో అది కనిపించింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకుని, ఇక చాలు, బయటికి రా, పరువు పోతోంది అన్నాను.

ఆమె వచ్చేసింది. బిడ్డ తాగడం అయ్యేదాకా ఆ తల్లిని మాత్రం ఎవరూ లేపలేకపోయారు. నాకు వేదిక మీద శాలువా కప్పారు. ఆయమ్మ బస్సులో కూర్చుని ఉంది.

మూడో రోజు తాలూకా ఆఫీసు నుంచి ఒకతను వచ్చి ఆమెకు కన్నడలో ఒకే మాట చెప్పాడు, నాళెయింద బరబేడ అని. రేపటినుంచి రావద్దు. ఏమి తప్పు చేసినానో కాయితం మీద రాసియ్యమని ఆమె అడిగింది. అందుకని విచారణ అన్నారు. అతిథుల్ని అవమానించిందా, ఆమెను ముందు ఎవరైనా రెచ్చగొట్టారా, తల్లిని బయటికి పొమ్మన్న మాట నిజమేనా అని స్టాఫ్‌ను రాసివ్వమన్నారు. స్టాఫ్‌లో ఆ బ్యాడ్జి అమ్మాయి మాట దగ్గర్నుంచి విన్నదాన్ని నేను ఒక్కదాన్నే. ఆ తల్లిని లేవమన్నది నిజం అని రాస్తే చాలు, ఆమె ఉద్యోగం నిలబడేదేమో. నేను రాసిందేమిటంటే, మొక్కలకు నీళ్ళు తేవడానికి బయటికి వెళ్ళాను, ఆ సమయంలో నేను సభలో లేను. నాలుగు లైన్లు. కింద సంతకం. నా ట్రాన్స్‌ఫరు కాయితాలు అప్పుడు అదే ఆఫీసులో ఉన్నాయి. కొడుకును బళ్ళారిలో మంచి స్కూల్లో వేయాలి. ఇవి కారణాలు. కారణాలు అందరికీ ఉంటాయి. ఆ మేస్త్రికి కూడా ఉండి ఉంటాయి.

వారం తర్వాత ఆమె ఇంటికి వెళ్ళాను. వాకిట్లో చాప వేసుకుని సబ్బసిగ ఆకు, అదే సోయికూర, బాగుచేస్తోంది. బాలింతలకు పాలు పడడానికి జొన్నరొట్టెలోకి ఆ కూర వండి పెట్టడం ఆమె అలవాటు. ఉద్యోగం పోయినా ఎవరికో బాలింతకు వండడానికి కూర్చుంది. నేను పక్కన కూర్చుని ఏవేవో చెప్పాను. పైవాళ్ళ ఒత్తిడి అన్నాను. ఆమె ఆకులు గిల్లుతూనే ఉంది. అంతా విని చివరికి అంది.

"నువ్వు ఆడనే ఉంటివి. ముందర వరసలో ఉంటివి."

అంతకుముందు ఆమె నన్ను చాలాసార్లు తిట్టింది. ఆ రోజు తిట్టలేదు. చొక్కా చేతులు మణికట్టు దాకా దిగే ఉన్నాయి. నా మీద కోపం తెచ్చుకోవడం కూడా దండగ అనుకుందని అర్థమై లేచి వచ్చేశాను. తర్వాత రెండేళ్ళు అదే ఊళ్ళో పనిచేశాను. వీధిలో ఎదురైతే ఆమె పక్కకు తప్పుకుని నాకు దారి ఇచ్చేది. ఆస్పత్రికి రావాల్సిన బాలింతలు ముందు ఆమె ఇంటికి పోయి తర్వాత మా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆ తర్వాత నాకు బళ్ళారి ట్రాన్స్‌ఫరు వచ్చింది.

పదకొండో రోజు ఆ ఊరికి వెళ్ళాను. ఇల్లు అదే. లోపల ఆమె కోడలు గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, ఒళ్ళో నెల నిండని బిడ్డ పాలు తాగుతున్నది. నన్ను ఎప్పుడూ చూడలేదు ఆ పిల్ల. ఎవరని అడిగితే, ఆస్పత్రిలో సిస్టరుగా చేసినదాన్ని అని చెప్పాను. ఆమె మొహం మారలేదు. బిడ్డను రొమ్ము నుంచి తీయకుండానే ఒక చేత్తో నిలుపుకుని లేచింది. పొయ్యి దగ్గరికి వెళ్ళి, మూత పెట్టి ఉన్న టీ వెచ్చచేసి, గ్లాసులో పోసి తెచ్చి నా ముందు పెట్టింది.

"మాయత్త చెప్పిపెట్టింది. ఆ సిస్టరమ్మ వస్తే టీ పోసియ్యి, మాటలు మాత్రం వద్దు అని."

మళ్ళీ గోడకు ఆనుకుని కూర్చుంది. బిడ్డ గుటకలు వేసే చప్పుడు వినిపిస్తోంది. ఏదో అడగబోయాను. ఆ పిల్ల తల ఎత్తి ఊరికే చూసింది, మళ్ళీ బిడ్డ వైపు తిరిగింది. టీ బాగా వేడిగా ఉంది, చల్లారేదాకా కూర్చోక తప్పలేదు. తాగాను. గ్లాసు నేనే కడిగి, బోర్లించి, బయటికి వచ్చాను.